అటకమీది రాక్షసులు

పిల్లలూ!

కిందటి నెల మనం మిణుగురు పురుగుల సంగతి చెప్పుకున్నాం. ఈ నెల సంగతి మొదలుపెట్టే ముందు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. మీ యింట్లో రాక్షసులు ఎంతమంది ఉన్నారు?

నవ్వకండి. మా యింట్లో నలభై యొక్కమంది ఉన్నారు. అందరూ అటకమీద, ఒకే రేకు పెట్టెలో, బడి ప్రార్థనలో నిలబడ్డ పిల్లల్లాగా వరసగా నిలబడి ఉంటారు. పాతాళభైరవిలోని నేపాళ మాంత్రికుడు, కీలుగుర్రంలోని ఏనుగుల్ని తినే రాక్షసి, మాయాబజారులోని ఘటోత్కచుడు, బాలనాగమ్మను ఎత్తుకుపోయిన మాయల మరాఠీ, జగన్మోహినిలోని కామినీ పిశాచం, పరదేశం నుంచి వచ్చిన కింగ్ కాంగ్ అనే కొండముచ్చంతటి కోతి (కొండముచ్చు కాదు, కొండంతటిదే!) అందరూ అక్కడే. వీళ్ళు ఉండేది క్యాసెట్లలో. నల్లని ప్లాస్టిక్ డబ్బా, పాఠ్యపుస్తకమంత ఉంటుంది, లోపల రెండు చక్రాలు, వాటికి చుట్టిన గోధుమరంగు నాడా. మీలో చాలామంది దానిని చూసి ఉండరు. మీ నాన్నగారిని అడగండి. ఒక్క నిట్టూర్పు విడిచి అరగంట కబుర్లు చెబుతారు.

ముందు మా ఊరి సంగతి చెప్పాలి. మాది కోరుకొండ. అనగానే, "సైనిక్ స్కూలున్న ఊరేనా, మాష్టారూ?" అంటారు కొందరు. అది విజయనగరం దగ్గరి కోరుకొండ. మాది రాజమహేంద్రవరానికి ఉత్తరంగా రమారమి 20 కిలోమీటర్ల దూరాన, కొండమీద లక్ష్మీనరసింహస్వామి వెలసిన కోరుకొండ. నిట్టనిలువు మెట్లు. ఫాల్గుణమాసంలో పెద్ద తీర్థం జరుగుతుంది. సింహపు తల, మనిషి ఒడలు గల స్వామి మా కొండమీద ఉండగా, మా ఊరి పిల్లలకు వింతరూపాలంటే కొత్తేముంటుంది? బొమ్మలకొట్టు ముందు నిలబడి సింహం ముఖాన్ని చూసి బెదిరి, వెంటనే దణ్ణం పెట్టుకోవడం మాకు ఉగ్గుపాలతో అలవాటు. స్వామిని భూతమని ఎవరూ అనరు, అనకూడదు కూడా. కాని భయమూ భక్తీ ఒకే గుండెలో పక్కపక్కనే కాపురం ఉంటాయని మాత్రం నాకు అక్కడే తెలిసింది.

1967లో, నాకు ఎనిమిదేళ్ళప్పుడు, తీర్థానికి వచ్చిన డేరా సినిమాలో పాతాళభైరవి చూశాను. ఆ చిత్రం మొట్టమొదట 1951లో వచ్చింది. విజయావారు తీశారు, కె.వి. రెడ్డిగారు దర్శకులు. విజయా సంస్థను నడిపిన నాగిరెడ్డి, చక్రపాణిగార్లే 1947లో చందమామ పత్రికను కూడా ప్రారంభించారు. అందుకనే కాబోలు, వారి సినిమాలు చూస్తుంటే చందమామ బొమ్మలు లేచి నడుస్తున్నట్లుంటుంది. నేపాళ మాంత్రికుడి వేషం ఎస్.వి. రంగారావుగారిది. ఆయన సినిమాలలోకి రాకముందు అగ్నిమాపకశాఖలో ఉద్యోగం చేశారని ఎవరో చెబితే, మంటలార్పే మనిషి కళ్ళల్లో అన్ని మంటలెలా వచ్చాయా అని నేను చాలాకాలం ఆలోచించాను. డేరాలో ఇసుకమీద కూర్చుని, మాంత్రికుడు గుహలో కనిపించినప్పుడల్లా మా అమ్మ కొంగు కప్పుకున్నాను. కాని కొంగుకు చిన్న చిరుగు ఉన్నది. ఆ చిరుగులోనుంచి అంతా చూశాను.

మర్నాడు మళ్ళీ చూడాలనిపించింది. డేరా ఎత్తేశారు! ఆ రోజుల్లో సినిమా అంటే అంతే. పోయిన తీర్థంలాగే, మళ్ళీ వచ్చేదాకా ఆగవలసిందే. ఎప్పుడొస్తుందో డేరావాడికే తెలియదు.

ఈ బెంగ తీర్చింది వీడియో క్యాసెట్టు. 1976లో జపానులో జె.వి.సి. అనే కంపెనీవారు వి.హెచ్.ఎస్. అనే పద్ధతిని బజారులో పెట్టారు. అంతకు ఏడాది ముందే సోనీవారు బీటామాక్స్ అని ఇంకొకటి తెచ్చారు గాని, చివరకు మన ఊళ్ళదాకా వచ్చి నిలిచింది మొదటిదే. మనదేశంలో 1982లో ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగినప్పుడు రంగుల టెలివిజన్ వచ్చింది. దాని వెనకనే ఈ యంత్రాలూ వచ్చాయి. దానిని మేము 'డెక్కు' అనేవాళ్ళం. వినాయకచవితికో, పెళ్ళివారింటనో టీవీ, డెక్కు, మూడు క్యాసెట్లు ఒక రాత్రికి అద్దెకు తెచ్చేవారు. అద్దె ఒక రాత్రికే గనుక మూడు సినిమాలూ తెల్లవారేలోగా చూసి తీరాలి! మూడో సినిమాకి మెలకువగా ఉండేవాళ్ళు ఇద్దరే: నేను, డెక్కు తెచ్చిన కుర్రవాడు. క్యాసెట్టును మొదటికి తిప్పకుండా ఇస్తే కొట్టువాడు చీవాట్లు పెట్టేవాడు.

నేను ఉపాధ్యాయుణ్ణయ్యాక, 1989లో, జీతంలో కూడబెట్టి ఒకరు వాడిన డెక్కును కొన్నాను. రికార్డు చేసే రకం. మా యింటావిడ మిక్సీ కావాలన్నది. (ఆ మిక్సీ ఇంకో రెండేళ్ళకు కొన్నాను. పెద్దలు ఈ సంగతి చదివి నవ్వుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు.) అప్పటినుంచి మొదలైంది నా సేకరణ. కొందరు తపాలాబిళ్ళలు కూడబెడతారు, కొందరు నాణేలు. నేను రాక్షసుల్ని కూడబెట్టాను.

అందులో ఏమున్నది తమాషా అంటే, రాక్షసుణ్ణి మళ్ళీ మళ్ళీ చూడవచ్చు, ఆపి చూడవచ్చు, ఒక్కొక్క బొమ్మగా కదిపి చూడవచ్చు. ఒకసారి చూస్తే భయం. పదిసార్లు చూస్తే, "ఇది ఎట్లా చేశారు?" అనే ప్రశ్న పుడుతుంది. ఆ ప్రశ్న పుట్టినవాడు సైన్సు పాఠానికి సగం తయారైనట్లే.

సినిమాలో ఒక సెకండుకు 24 బొమ్మలు పోతాయని మీకు తెలుసును గదా? వేటికవి కదలని బొమ్మలే. కెమెరాను ఆపి, మనిషిని పక్కకు తప్పించి, మళ్ళీ తిప్పితే ఆ మనిషి మాయమైనట్లు కనిపిస్తాడు. జానపద చిత్రాలలో సగం మాయలు ఇంతే. డెక్కులో ఒక్కొక్క బొమ్మగా కదిపితే మాయం జరిగేచోట దీపపు వెలుగో, దుస్తుల మడతో ఒక్క పిసరు ఉలిక్కిపడుతుంది. అది పట్టుకున్న పిల్లవాడికి నేను ఒక పెప్పరుమెంటు ఇచ్చేవాణ్ణి. మాయాబజారులో మాత్రం నా పెప్పరుమెంట్లు చాలావరకు మిగిలిపోయాయి. ఆ చిత్రానికి కెమెరా పట్టినది మార్కస్ బార్ట్‌లీగారు. 1957లో, కంప్యూటరు లేని రోజుల్లో, పెళ్ళివిందు యావత్తూ ఘటోత్కచుడి నోట్లోకి పంపించిన మహానుభావుడు.

కింగ్ కాంగ్ సంగతి ఇంకా వింత. 1933లో అమెరికాలో తీశారు. తెరమీద మేడలెక్కే ఆ కోతి నిజానికి రమారమి 18 అంగుళాల బొమ్మ! లోపల లోహపు ఎముకలు, పైన రబ్బరు, ఆపైన కుందేలు బొచ్చు. విల్లిస్ ఓబ్రయన్ అనే ఆయన దాని చేతిని ఒక రవంత కదిపి ఒక బొమ్మ తీయడం, మళ్ళీ రవంత కదిపి ఇంకొక బొమ్మ తీయడం, ఇట్లా చేశాడు. లెక్క చూడండి. ఒక సెకండుకు 24 సార్లు, ఒక నిమిషానికి 1,440 సార్లు కదపాలి. మధ్యలో ఒక్కసారి తుమ్మి బొమ్మను తోసేస్తే ఆ దృశ్యం మళ్ళీ మొదటినుంచి! జపానువారు 1954లో గాడ్జిల్లా అనే బ్రహ్మాండమైన బల్లిని చేసినప్పుడు అంత ఓపిక, వ్యవధి లేక, మనిషికే తొడుగు తొడిగి, చిన్నచిన్న బొమ్మయిళ్ళ మధ్య నడిపించారు. ఆ మొదటి తొడుగు బరువు నూరు కిలోలకు దగ్గర. లోపలున్న హరువో నకజిమా కొద్ది నిమిషాలు నడిస్తే చాలు, చెమటతో తడిసి ముద్దయ్యేవాడు. నన్నడిగితే కోతిబొమ్మకే ఎక్కువ మార్కులు వేస్తాను. చేతి ఓపిక కనిపిస్తుంది దానిలో.

మనవాళ్ళలో నాకు ఎక్కువ యిష్టమైనది 1949 నాటి కీలుగుర్రం రాక్షసి. అంజలీదేవిగారు వేశారు. పగలు రాణి, రాత్రివేళ ఏనుగుల్నీ గుర్రాల్నీ తినే రాక్షసి. ఆ నిందను పెద్దరాణి మీదకు నెడుతుంది. భయపెట్టేది కోరలు కాదు, ఆ నింద. దానికంటె 1978లో విఠలాచార్యగారు తీసిన జగన్మోహిని మా బడిపిల్లలకు ప్రీతి. దయ్యం కట్టెలకు బదులు కాలు పొయ్యిలో పెట్టి వంట చేస్తుంది గదా, అది చూసి గొల్లున నవ్వుతారు. విఠలాచార్యగారు తక్కువ ఖర్చులో ఎక్కువ దయ్యాలను చూపినవారు. ఆ విద్య అందరికీ రాదు.

ఇక ఆ నాడాలో బొమ్మ ఎట్లా దాక్కుంటుందో చూద్దాం. నాడా వెడల్పు అర అంగుళం. మందం మన తలవెంట్రుకలో మూడోవంతుకు మించదు. దానిమీద ఇనుప తుప్పు జాతికి చెందిన సన్నని పొడి పూసి ఉంటుంది. ఆ పొడిలో ప్రతి రేణువూ ఒక చిన్న అయస్కాంతం వంటిది. డెక్కులో ఒక లోహపు డ్రమ్ము సెకండుకు 25 చుట్లు తిరుగుతూ ఉంటుంది. దానికి రెండు 'తలలు' ఉంటాయి. ఆ తలలు నాడామీద అయస్కాంతపు గీతలు గీస్తాయి. నిలువుగా కాదు, అడ్డంగా కాదు; దొండకాయ ముక్కలు ఏటవాలుగా తరిగినట్లు గీస్తాయి.

ఎందుకీ అవస్థ? బొమ్మ రాయడానికి శబ్దం కన్న ఎన్నో రెట్లు వేగం కావాలి. నాడామీద తల పరుగెత్తే వేగం సెకండుకు దాదాపు 5 మీటర్లు. తలను కదలకుండా పెట్టి, నాడానే అంత వేగంతో లాగామనుకోండి. మూడు గంటల సినిమాకు ఎంత నాడా కావాలి? మూడు గంటలకు 10,800 సెకండ్లు. ఐదుతో గుణిస్తే 54,000 మీటర్లు. అంటే 54 కిలోమీటర్లు! కోరుకొండ నుంచి రాజమండ్రి వెళ్ళి, తిరిగి వచ్చి, మళ్ళీ సగం దారికి పైగా పరవవచ్చు. తల తిరుగుతున్నందువల్ల నాడా మెల్లగా, సెకండుకు రెండున్నర సెంటీమీటర్ల లోపున కదిలితే చాలు. అందుచేత మూడు గంటల క్యాసెట్టులో ఉన్నది రమారమి 250 మీటర్ల నాడాయే. మీరు మీ బడిమైదానం చుట్టూ పరిచి చూడవచ్చును గాని, దయచేసి చూడవద్దు.

ఇంకొక చిన్న లెక్క. ఇది తరువాత మనకు పనికి వస్తుంది, గుర్తుంచుకోండి. మాయాబజారు సినిమా 184 నిమిషాలు. క్యాసెట్టు 180 నిమిషాలు. పట్టదు గదా! కాని పడుతుంది. ఎట్లా? సినిమాహాల్లో సెకండుకు 24 బొమ్మలు; మన టీవీ పద్ధతిలో 25. అదే బొమ్మలు కాస్త వేగంగా పోతాయి. 184ను 24తో గుణించి 25తో భాగించండి. 176 నిమిషాల 38 సెకండ్లు వస్తుంది. అంటే క్యాసెట్టు చివర ఇంకా మూడు నిమిషాల ఇరవైరెండు సెకండ్లు మిగులుతుంది. పాతాళభైరవి 195 నిమిషాలు. అదే లెక్కన 187 పైచిలుకు. అది మాత్రం పట్టదు. నా క్యాసెట్టులో మాంత్రికుడు ఓడిపోకముందే నాడా అయిపోయింది. ఇన్నేళ్ళూ మా యింట్లో ఆయన అజేయుడు!

ఇన్ని చెప్పి, అసలు ఈ కూడబెట్టడం ఎందుకంటారా? కూడబెట్టనివి ఏమైపోయాయో వినండి.

తెలుగులో మొట్టమొదటి మాట్లాడే సినిమా భక్తప్రహ్లాద. హెచ్.ఎం. రెడ్డిగారు తీశారు. 1932లో విడుదలైంది. హిరణ్యకశిపుడుగా మునిపల్లె సుబ్బయ్యగారు, లీలావతిగా సురభి కమలాబాయిగారు. ఆ స్తంభం ఎట్లా పగిలింది, స్వామి ఎట్లా వెలువడ్డాడు, మీరూ చూడలేరు, నేనూ చూడలేను. ఆ సినిమా ప్రతి ఒక్కటి కూడా మిగలలేదు. నరసింహస్వామి కొండ కింద పుట్టినవాణ్ణి, ఇది తెలిసిన రోజున నాకు అన్నం సయించలేదు.

పాతకాలపు ఫిలిం నైట్రేటు అనే పదార్థంతో చేసేవారు. అది అగ్గిపుల్లకంటె తొందరగా అంటుకుంటుంది. నీళ్ళల్లో ముంచినా ఆరదు, ఎందుకంటే మండడానికి కావలసిన ఆమ్లజని దానిలోనే ఉన్నది. కాలిపోనివి పులిసి జిగురై, పొడి అయ్యాయి. ఇంకొన్నిటిని ఫిలింలోని వెండి కోసం కరగబెట్టారు. సినిమా ఆడడం అయిపోయాక, డబ్బాలు చోటు తినే చెత్త అన్నమాట! పాత చిత్రాలను భద్రం చేయడానికి పూనాలో జాతీయ ఫిలిం భాండారం వెలసినది 1964లో. అప్పటికే ఎన్నో పోయాయి. 2003లో అక్కడే అగ్నిప్రమాదం జరిగి మరికొన్ని నైట్రేటు చిత్రాలు కాలిపోయాయి.

పరదేశాల్లోనూ ఇంతే. 1927లో అమెరికాలో లాన్ చానీ అనే నటుడు భయంకరమైన పళ్ళు పెట్టుకుని 'లండన్ ఆఫ్టర్ మిడ్‌నైట్' అనే చిత్రంలో నటించాడు. దాని ఆఖరి ప్రతి 1965లో ఒక గోదాము కాలినప్పుడు బూడిదయిందంటారు. ఇప్పుడు ఫొటోలు మాత్రం ఉన్నాయి. దీనికి విరుద్ధమైన కథ ఇంకొకటి ఉన్నది. 1922లో జర్మనీలో నోస్ఫెరాటు అనే నెత్తురు తాగే భూతం సినిమా తీశారు. డ్రాకులా నవలను అనుమతి లేకుండా వాడుకున్నారని ఆ రచయిత భార్య దావా వేసింది. ప్రతులన్నిటినీ ధ్వంసం చేయమని కోర్టు తీర్పు. న్యాయం ఆమె పక్షానే ఉన్నది, నేను కాదనను. కాని అప్పటికే దేశాలు దాటి వెళ్ళిన కొన్ని ప్రతులు మిగిలాయి. నూరేళ్ళు దాటినా ఆ భూతం ఇంకా గోడమీద నీడై మెట్లెక్కుతూనే ఉన్నాడు.

ఇప్పుడు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. మాష్టర్లు కూడా తప్పులు చేస్తారు. కాకపోతే వాటికి ఎర్రసిరా గీతలు పెట్టేవారుండరు.

1993లో మా బడి వార్షికోత్సవానికి పిల్లలు ప్రహ్లాద నాటకం వేశారు. స్తంభం కట్టినది మా డ్రాయింగు మాష్టారు. వెదురుబద్దలు, గోనెపట్టా, పైన కాగితం, సున్నం. నరసింహస్వామి జూలు కొబ్బరిపీచుతో చేసి, పసుపులో ముంచి ఎండబెట్టారు. ఏడో తరగతి కుర్రవాడొకడు స్తంభం లోపల గంటసేపు కూర్చోవాలి. ఊళ్ళో పెళ్ళిళ్ళకు వీడియో తీసే ఆయన ఆ ఉత్సవమంతా తీసి, ఒక క్యాసెట్టు బడికి బహుమతిగా ఇచ్చాడు. మూడు గంటలకు మూడు గంటలూ నిండింది: ప్రార్థన, నివేదిక, ఉపన్యాసాలు, బహుమతులు, చిట్టచివర నాటకం. దానిని నన్ను భద్రపరచమన్నారు.

క్యాసెట్టు వీపున ఒక మూల చిన్న ప్లాస్టిక్ రేకు ఉంటుంది. దానిని విరిచేస్తే ఆ క్యాసెట్టుమీద ఇంకేదీ రికార్డు కాదు. మన డెక్కు ఆ చోట వేలు పెట్టి తడిమి చూసి, రంధ్రం తగిలితే "ఇది రాయకూడనిది" అని ఊరుకుంటుంది. ఆ రేకును నేనే విరిచాను. చాలా మంచి పని చేశాను. 1995లో ఒక ఆదివారం టీవీలో మాయాబజారు వేస్తామన్నారు. ఇంట్లో కొత్త క్యాసెట్టు లేదు. కొట్టు మూసి ఉన్నది. నేనేం చేశాను? ఆ రంధ్రంలో కాగితం మడిచి కూరి, పైన బంక కాగితం అంటించాను. "నాటకం చివర ఉంది గదా, ముందున్న ఉపన్యాసాలు పోతే పోయాయి" అని మనసుకు సర్దిచెప్పుకున్నాను. లెక్కల మాష్టారినై ఉండి లెక్క వేసుకోలేదు, చూశారా! మధ్యలో ప్రకటనలు వచ్చినప్పుడు ఆపుతూ సినిమా అంతా పట్టాను. రికార్డు చేసేటప్పుడు ముందుగా ఒక తల పాత గీతలను చెరిపేస్తుంది. పలకమీద తడిగుడ్డ పెట్టినట్లే. పలక తుడిచాక పాత అక్షరం ఎక్కడిది? అధ్యక్షోపన్యాసం పోయింది, దానికి ఎవరూ బాధపడలేదు. నాటకమూ పోయింది. నేనీ సంగతి బడిలో ఎవ్వరికీ చెప్పలేదు. ఎవరైనా అడిగితే, "ఉందిరా, అటకమీద ఉంది" అనేవాణ్ణి.

డ్రాయింగు మాష్టారు 2004లో కాలం చేశారు.

తరువాత సి.డి.లు వచ్చాయి. వి.సి.డి. ఒక్కొక్కటి 74 నిమిషాలు పడుతుంది గనుక మాయాబజారుకు మూడు బిళ్ళలు. మార్చడానికి లేచినప్పుడల్లా కాఫీ తాగవచ్చు. ఆపైన డి.వి.డి.లు. 2007 నాటికి మోజర్ బేర్ కంపెనీ పాత సినిమాల బిళ్ళలను యాభై రూపాయల లోపే అమ్మింది, నేనూ కొన్నాను. 2010లో మాయాబజారుకే రంగులు వేసి, కాస్త తగ్గించి మళ్ళీ విడుదల చేశారు. రంగులు బాగున్నాయి. నాకు నలుపు తెలుపే యిష్టం. 2016లో జపానులో ఫునాయ్ అనే కంపెనీ డెక్కుల తయారీ ఆపేసింది, వారే ఆఖరివారు. నా డెక్కు అంతకు ముందే చచ్చిపోయింది. పెట్టె అటక ఎక్కింది.

కిందటి వేసవిలో స్తంభంలో కూర్చున్న ఆ కుర్రవాడు (కుర్రవాడేమిటి, నలభై దాటాయి!) పదేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. "మాష్టారూ, నేను నరసింహస్వామి వేషం వేశానంటే ఇది నమ్మడం లేదండీ. క్యాసెట్టు మీ దగ్గరే ఉందిగా!" అన్నాడు.

నేను ఒళ్ళంతా చెమటపట్టి, ఉన్న సంగతి చెప్పాను. వాడు కాసేపు మాట్లాడలేదు. చివరకు, "పోన్లెండి మాష్టారూ, ఘటోత్కచుడే గదా నన్ను మింగింది" అన్నాడు. వాడి కూతురు మాత్రం నావంక అదోలా చూసింది.

ఆ రాత్రి నిద్ర పట్టక పడుకుని ఉంటే ఆ పాత లెక్క గుర్తుకు వచ్చింది. 184 ఇంటూ 24, బై 25. మూడు నిమిషాల ఇరవైరెండు సెకండ్లు! సినిమా అయిపోయాక నేను మీట నొక్కి ఆపాను. ఆ తరువాతి నాడాను ఏ తలా చెరపలేదు. నాటకం ఆఖరున ఉన్నది. నాటకానికి ఆఖరున ఏమున్నది?

తెల్లవారగానే పెట్టె దింపించాను. మూత తీస్తే ఏమున్నది, గోదావరి జిల్లాల వానాకాలం ఉన్నది. నాడా చుట్టల అంచున తెల్లగా, ముగ్గు చల్లినట్లు బూజు! ఇదిగో, పెద్దలు ఇది శ్రద్ధగా చదవాలి. బూజుపట్టిన క్యాసెట్టును ఎక్కడన్నా డెక్కు దొరికింది గదా అని తటాలున పెట్టకండి. బూజు యంత్రపు తలలకు అంటుకుని, తరువాత పెట్టిన క్యాసెట్లన్నిటికీ పాకుతుంది. నాడా అతుక్కుని ఉంటే తెగుతుంది కూడా. ఆ పొడి ఊపిరితిత్తులకూ మంచిది కాదు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఇంటి బయట, గాలి తగిలేచోట చేయాలి. ముందు కొద్దిరోజులు పొడిచోట ఆరనివ్వాలి. ఎండలో మాత్రం పెట్టకూడదు.

ఆరిన తరువాత నేనూ, మా మనవరాలూ అరుగుమీద కూర్చున్నాం. క్యాసెట్టు పక్కన చిన్న మీట నొక్కితే ముందరి తలుపు తెరుచుకుంటుంది. అడుగున మధ్యలో ఒక రంధ్రం. దానిలో పెన్సిలు గుచ్చి పట్టుకుంటే లోపలి చక్రాల బిగింపు వదులుతుంది. అది పెన్సిలు పట్టుకున్నది. నేను చక్రం తిప్పుతూ, నూలుపోగు రాలని మెత్తని గుడ్డతో నాడాను తాకీ తాకనట్లు తుడిచాను. 250 మీటర్లు! రెండు పూటలు పట్టింది. "తాతా, ఇంత కష్టపడేది మూడు నిమిషాల కోసమా?" అన్నది. "అవునే. మొదటి భక్తప్రహ్లాద ఒక్క నిమిషం దొరికినా లోకమంతా పండగ చేసుకుంటుంది" అన్నాను. దానికి నచ్చలేదు, అయినా పెన్సిలు వదలలేదు.

రాజమండ్రిలో ఒకప్పుడు క్యాసెట్లు అద్దెకిచ్చిన ఆయన ఒక డెక్కును ఇంకా నూనె వేసి నడుపుతున్నాడు. దానికి తీగ తగిలించి కంప్యూటరులోకి ఎక్కించుకోవచ్చు. నరసింహస్వామి వేషంవాడు, వాడి కూతురు, డ్రాయింగు మాష్టారి భార్య, మేమిద్దరం, అందరం ఆ చిన్న గదిలో నిలబడ్డాం. మాయాబజారు అయిపోయింది. తెరమీద మంచు కురిసినట్లు చుక్కలు. చారలు. మళ్ళీ చుక్కలు. నేను కళ్ళు మూసుకున్నాను.

"నాన్నా, నువ్వు!" అన్నది ఆ పిల్ల.

గోనెపట్టా స్తంభం. హిరణ్యకశిపుడు గద ఎత్తాడు, కొట్టాడు. స్తంభం పగలలేదు. మళ్ళీ కొట్టాడు. పగలలేదు. జనం నవ్వుతున్నారు. తెరవెనుకనుంచి ఒక గొంతు, మైకులో పడుతున్నదని తెలియక, స్పష్టంగా: "ఒరే, దూకరా! చింపుకుని దూకెయ్యి, నే పట్టుకున్నాగా!" కాగితం చిరిగింది. కొబ్బరిపీచు జూలు ఒక చెవిమీదకు జారి, నోరు తెరుచుకుని, కళ్ళు చింతనిప్పుల్లాగా చేసుకుని స్వామి బయటికి దూకాడు. జనం నవ్వు ఠక్కున ఆగిపోయింది. ముందు వరసలో ఒక పసిపిల్ల కెవ్వుమన్నది. అంతే. నాడా అయిపోయింది.

"అంత కోపంగా ఎట్లా చూశావు నాన్నా?" అని అడిగింది కూతురు.

"కోపమేమిటే, చీమలు! లోపల గంటనుంచీ చీమలు కుడుతున్నాయి" అన్నాడు వాడు.

అందరం నవ్వాం. డ్రాయింగు మాష్టారి భార్య మాత్రం నవ్వలేదు. ఆమె కొట్టు ఆయన వంక తిరిగి, "బాబూ, ఆ దూకరా అన్నచోటికి మళ్ళీ తిప్పుతావా?" అన్నది. ఆయన తిప్పాడు. ఇంకొకసారి అన్నది. తిప్పాడు. మూడోసారి ఆమె అడగకుండానే తిప్పాడు.

దాని ప్రతులు ఇప్పుడు నాలుగు ఇళ్ళలో ఉన్నాయి. క్యాసెట్టును మళ్ళీ పెట్టెలో, ఘటోత్కచుడి పేరు పక్కన నరసింహస్వామి పేరు కూడా రాసి, నిలబెట్టి ఉంచాం. పెట్టె అటకమీద లేదు. బీరువాలో, తడి తగలనిచోట ఉన్నది. మూల రంధ్రంలో కాగితం తీసేసింది మా మనవరాలు.